బాలింత దిగులుకు నడక మంచి తోడు

నెల రోజుల బాలింత ఒకామెను ఈమధ్య వాళ్ళమ్మ మా దగ్గరికి తీసుకొచ్చింది. "బిడ్డ బాగానే ఉంది సిస్టరమ్మా, ఇదే ఊరికే ఏడుస్తోంది. గది దాటి బయటికి రాదు" అని చెప్పింది. మేము ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని అడిగాము. "గది దాటనిస్తే కదా సిస్టర్" అంది. సంగతి సగం మాకు అప్పుడే అర్థమైంది.

పచ్చి బాలింతకు విశ్రాంతి అవసరమే. అయితే విశ్రాంతి అంటే నెలల తరబడి తలుపులు మూసిన గదిలో ఉంచడం కాదు.

కాన్పు అయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు, చిరాకు వస్తాయి. హార్మోన్లు ఒక్కసారిగా తగ్గడం, నిద్ర చాలకపోవడం ఇందుకు కారణాలు. మామూలుగా రెండు వారాల్లోపు ఇది తగ్గిపోతుంది. తగ్గకుండా దిగులు, నిరాశ కొనసాగితే అది డిప్రెషన్ కావచ్చు. కొందరికి గర్భంతో ఉన్నప్పుడే మొదలవుతుంది. ఇది సోమరితనం కాదు, గాలి సోకడం కాదు, బిడ్డపై ప్రేమ లేకపోవడమూ కాదు. ఇది జబ్బు. నయమయ్యే జబ్బు.

నడక ఎందుకు?

ఒళ్ళు కదిలితే నిద్ర బాగా పడుతుంది, నడుము నొప్పి తగ్గుతుంది, దిగులు, ఆందోళన తేలికపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఇబ్బందులు లేని గర్భిణులు, బాలింతలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. అంటే రోజుకు అరగంట చొప్పున 5 రోజులు. "ఇంటి పని చేస్తున్నాను కదా" అని కొందరు అడుగుతారు. అదీ శ్రమే. కాని నలుగురినీ పలకరిస్తూ నడిచే నడకలో మనసుకు దొరికే తెరిపి అందులో ఉండదు.

ఎలా చేయాలి?

1. ముందుగా డాక్టరుగారిని అడగండి. 10 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

2. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట రానంత ఆయాసం వస్తే వేగం తగ్గించండి.

3. ఎండలో నడవవద్దు. మంచినీళ్ళు తాగుతూ ఉండండి.

4. నాలుగో నెల దాటాక వెల్లకిలా పడుకొని చేసే వ్యాయామాలు మానండి.

5. సిజేరియన్ అయినవారు నర్సు సాయంతో లేచి వార్డులోనే కొద్దికొద్దిగా నడవండి. బరువులు ఎత్తవద్దు.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, మాయ కిందికి ఉండడం, బి.పి. పెరగడం, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు డాక్టరు చెప్పేవరకు వ్యాయామం చేయకూడదు. నడుస్తుండగా కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంట్లోవారికి ఒక మాట

"నడువమ్మా" అని చెబితే సరిపోదు. అత్తగారు గాని, అమ్మ గాని ఆ అరగంట బిడ్డను ఎత్తుకోవాలి. భర్త తోడుగా నడిస్తే మరీ మంచిది.

నడక మందుకు బదులు కాదు. డాక్టరు ఇచ్చిన మందులు సొంతంగా ఆపవద్దు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి. దిగులు రెండు వారాలు దాటినా, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా ఆలస్యం చేయకుండా తీసుకురండి. "నేను లేకపోతేనే మేలు" అన్నా, తనకు గాని బిడ్డకు గాని హాని చేసే ఆలోచనలు వచ్చినా, లేని మాటలు వినబడుతున్నా ఆమెను ఒంటరిగా వదలక అదే రోజు తీసుకురండి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు మందులు వాడుతోంది. సాయంత్రం వాళ్ళమ్మ బిడ్డను ఎత్తుకుంటే వీధి చివరిదాకా నడిచి వస్తోంది. ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అయినా మొన్న వచ్చినప్పుడు, "వీడు నన్ను చూసి నవ్వుతున్నాడు సిస్టర్" అని తానే మాకు చెప్పింది.