ట్యాంకుకు దారి వేసిన కట్టెల మోపు

మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో ట్యాంకు అనే మాట వస్తుంది. అది ఎట్లా యుద్ధం చేసిందో తెలుసుకుందాం.

1914 చివరికల్లా ఫ్రాన్సులో రెండు పక్షాల సైనికులు కందకాలు తవ్వుకొని అందులోనే ఉండిపోయారు. మధ్యలో ముళ్ళతీగ. అది దాటుదామని లేచినవాళ్ళను మెషిన్ గన్లు పడగొట్టేవి. అందుకని బ్రిటిష్‌వాళ్ళు తూటా దిగని ఇనుప బండి చేయాలనుకున్నారు. రహస్యం బయటపడకుండా నీళ్ళ ట్యాంకులు చేస్తున్నాం అని చెప్పారు. ఆ పేరే నిలిచిపోయింది.

1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో మార్క్-1 ట్యాంకులు మొదటిసారి దిగాయి. ఇవి రెండు రకాలు.

మగ ట్యాంకు: రెండు పక్కలా 6 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులు రెండు, కొన్ని మెషిన్ గన్లు. శత్రువు మెషిన్ గన్లు దాచిన చోట్లను పగలగొట్టడం దీని పని.

ఆడ ట్యాంకు: ఫిరంగి లేదు, అన్నీ మెషిన్ గన్లే. మీదికొచ్చే సైనికులను ఆపడం దీని పని.

అక్కలూ నవ్వకండి, ఈ పేర్లు వాళ్ళు పెట్టినవే!

లోపల 8 మంది ఉండేవాళ్ళు. నడపడానికే నలుగురు కావాలి. ఇంజను వాళ్ళ మధ్యలోనే ఉండేది, ఒకటే వేడి, పొగ. మంచి నేల మీద కూడా గంటకు 6 కి.మీ. మాత్రమే పోయేది. ఆ రోజు చాలా ట్యాంకులు చెడిపోయాయి, కొన్ని గుంటల్లో ఇరుక్కున్నాయి.

తర్వాత 1917 నవంబరు 20న కాంబ్రె యుద్ధం. ఈసారి 476 ట్యాంకులు తెచ్చారు. కానీ జర్మన్ల కందకాలు అక్కడ చాలా వెడల్పు, దిగితే ట్యాంకు ఎక్కలేదు. దానికి ఉపాయం కట్టెల మోపు! మనం అడవి నుంచి తెచ్చే మోపు తలమీద పట్టేంతే కదా. ఇది నాలుగున్నర అడుగుల లావు, 10 అడుగుల పొడవు. పుల్లల కట్టలు 75 కలిపి గొలుసులతో బిగించి ట్యాంకు పైన పెట్టారు.

మూడు ట్యాంకులు ఒక జట్టు. మొదటిది ముళ్ళతీగ తొక్కి, కందకం దాటకుండా పక్కకు తిరిగి కాల్పులు జరుపుతుంది. శత్రువు తల ఎత్తలేడు. రెండోది తన మోపును కందకంలో వేసి దాటుతుంది. మూడోది దాని మీదుగా పోయి రెండో కందకంలో తన మోపు వేస్తుంది. అప్పుడు మొదటిది రెండూ దాటి మూడో కందకానికి పోతుంది. వెనకాలే కాలినడక సైనికులు వచ్చి కందకాలు పట్టుకోవాలి.

ఒక్క రోజులో కొన్ని చోట్ల 8 కి.మీ. దాకా చొచ్చుకుపోయారు. అయితే అదే రోజు 179 ట్యాంకులు ఆగిపోయాయి. సగానికి పైగా చెడిపోయినవి, ఇరుక్కున్నవే. నవంబరు 30న జర్మన్లు తిరగబడి పోయిన నేల చాలావరకు తీసుకున్నారు. ట్యాంకు కందకం దాటగలదు గానీ గెలిచిన నేలను ఒక్కటే కాపాడలేదు.

ఆ మోపులు కట్టింది చైనా నుంచి పనికి తెచ్చిన కూలీలు. ట్యాంకులను నడిపించిన జనరల్ ఎల్లిస్ పేరు చరిత్రలో ఉంది. మోపు కట్టినవాళ్ళ పేర్లు పాఠంలో ఎందుకు రావు?

చదివి చెప్పండి:
1. మగ ట్యాంకుకు, ఆడ ట్యాంకుకు తేడా ఏమిటి?
2. మొదటి ట్యాంకు వెంటనే కందకం ఎందుకు దాటదు?
3. కాలినడక సైనికులు వెనకబడితే ఏమవుతుంది?