బాగుచేయాలా? బాగుచేయించాలా?

పిల్లలూ, గ్లైడర్ అంటే ఇంజను లేకుండా ఎగిరే విమానం. అది ఎక్కడ, ఎంత ఎత్తులో ఎగిరిందో ఫ్లైట్ రికార్డర్ అనే చిన్న పెట్టె జీపీఎస్ సాయంతో రాసిపెడుతుంది. ఎవరూ ఏమీ మార్చలేదని గుర్తుగా ఫైలు చివర రహస్య సంతకం కూడా పెడుతుంది.

పెట్టె పాతబడితే లోపలి బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు కొన్ని పెట్టెలు ఆ సంతకమే మరిచిపోతాయి! మరి స్క్రూలు విప్పి మనమే బ్యాటరీ మారిస్తే? సీలు పోతుంది. ఇక పైలట్ ఎంత దూరం ఎగిరినా ప్రపంచ రికార్డుకి ఆ ఫైలు పనికిరాదు. అందుకే తయారుచేసినవాళ్ళకే పంపాలి. వాళ్ళు బ్యాటరీ మార్చి మళ్ళీ సీలు వేస్తారు.

గమనించండి:
బాగుచేశాను – నేనే చేశాను.
బాగుచేయించాను – వేరేవాళ్ళతో చేయించాను.

ఖాళీలు పూరించండి:
1. నిన్న నా సైకిల్ పాడైంది. నేనే ______.
2. రికార్డర్ పాడైంది. పైలట్ కంపెనీవాళ్ళతో ______.

తాతయ్యకి ఫోన్ చేసి అడగండి: "మీరు ఏ పాత వస్తువు బాగుచేయించారు?"