ఆటిజం: మెదడు తీరు వేరైన పిల్లలు



మూడేళ్లు నిండినా బిడ్డకు మాట రాకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, “వాళ్ల నాన్నకూ మాట ఆలస్యంగానే వచ్చింది” అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. ఐదేళ్లు దాటాక తల్లి పెంపకాన్ని తప్పుపడతారు. రెండూ సరికావు. ఆటిజం గాలి సోకడం కాదు, మందుతో పోయే జబ్బూ కాదు. మాటను, శబ్దాన్ని, వెలుగును, ఎదుటివారి ముఖకవళికలను మెదడు వేరే తీరులో అందుకోవడం. దీన్నే ఇప్పుడు న్యూరోడైవర్జెన్స్ అంటున్నారు. తీరు వేరు అన్నంత మాత్రాన కష్టం లేదని కాదు. కొందరికి జీవితాంతం తోడు కావలసిందే.

1943లో డాక్టర్ లియో కానర్ అమెరికాలో పదకొండు మంది పిల్లలను గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకానికి పరిచయమైంది. అందులో మొదటి బాలుడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు, డొనాల్డ్ ట్రిప్లెట్. మూడేళ్ల వయసులో అతన్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాదికి తల్లిదండ్రులే తిరిగి తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర పెరిగాడు. మొక్కజొన్న సాళ్లు పదేపదే లెక్కపెడుతుంటే వాళ్లు మాన్పించలేదు. నాగలి చేతికిచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కొలతల పిచ్చి ఉందని బావి తవ్వించి లోతు చెప్పమన్నారు. ఏ బి.ఇడి. పుస్తకంలోనూ ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు. డొనాల్డ్ డిగ్రీ చదివి, సొంత ఊళ్లోనే బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, దేశాలు తిరిగి, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కలిగిన కుటుంబం కావడం కలిసొచ్చింది, నిజమే. ఊరు అతన్ని తనవాడనుకోవడం అంతకన్నా కలిసొచ్చింది.

మన తరగతిలో ఏం జరుగుతోంది? బడి గంట మోగగానే చెవులు మూసుకుని కేకపెట్టే పిల్లవాడికి అల్లరివాడని పేరు. ఆ గంట వాడికి నొప్పి. “లే, పుస్తకం తియ్యి, పన్నెండో పేజీ చూడు” అని ఒక్క ఊపున చెబితే వాడికి అందేది మొదటి మాటే. ఒక్కొక్కటిగా చెప్పాలి, వీలైతే బొమ్మ చూపించి చెప్పాలి. ఖర్చేమీ లేదు, ఓపిక తప్ప.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. నలభై శాతం, ఆపైన ధ్రువీకరణ ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏటా లక్ష రూపాయల వరకు వైద్యఖర్చులకు వీలుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ దొరుకుతాయి. ఈ కాగితాలు నింపిపెట్టే మనిషి ఒకరుంటే చాలా ఇళ్లకు మేలు.

మాటల శిక్షణ మధ్యలో ఆగిపోయేది ఒక్క ఫీజు వల్లే కాదు. ఆటో ఛార్జీ ఉంది, ఆ పూట తల్లి పోగొట్టుకునే కూలి ఉంది. మన సహాయ దరఖాస్తులో ఆ రెండింటికీ ఒక గడి చేర్చమని నా మనవి.