మొదటి ఫిక్సీ కొనేముందు ముందు బ్రేకు చూడండి

పోయిన వేసవిలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఒక సైకిలు తెచ్చాడు. సన్నటి టైర్లు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, హ్యాండిల్‌కి ఒక్క బ్రేకు లివరు కూడా లేదు. ఫిక్స్‌డ్ గేరు సైకిలట, ముద్దుగా ఫిక్సీ. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. తొక్కడం ఆపేసి ఊరికే సాగిపోవడమనేది ఉండదు. "కాళ్లు బిగబడితే ఆగిపోద్ది మావయ్యా" అన్నాడు. ఆ సాయంత్రమే భీమడోలు రైల్వే గేటు పడుతుండగా కాళ్లు బిగబట్టాడు. సైకిలు ఆగలేదు. ముందు నిలబడి ఉన్న పాలాయన సైకిలుకి వెళ్లి కొట్టుకుంది. క్యాను మూత ఎగిరిపోయి పాలన్నీ తారు మీద పారాయి. వాడి మోచెయ్యి చెక్కుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. పాలాయన తన నష్టం సంగతి పక్కనపెట్టి, భుజం మీది తువ్వాలు తీసి వాడి చేతికి కట్టాడు.

అప్పట్నుంచీ ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీలకీ ఉద్యోగాలకీ సైకిలు మీద వెళ్దామనుకుంటున్న పిల్లలు ఎవరు కనపడినా ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. ఇవేవీ ఫిక్సీ కొనొద్దని చెప్పడానికి కాదు. గేర్లు లేవు, వాటిని మార్చే డెరైల్యూర్లు లేవు, చెడిపోయే సామాను తక్కువ, కాబట్టి తక్కువ డబ్బుతో నడుస్తుంది. న్యూయార్కు లాంటి నగరాల్లో పార్సిళ్లు అందించే కుర్రాళ్లు దీన్ని ఇష్టపడింది అందుకే. అయితే బ్రేకుల్లేకుండా ఇది నడిచేది పందేల బాట మీద. జపాన్‌లో 1948లో మొదలైన కెయిరిన్ పందేల్లో ఇప్పటికీ బ్రేకుల్లేని ఇలాంటి సైకిళ్లే వాడతారు. ఆ బాట మీద అందరూ ఒకే వైపు తిరుగుతారు. ఎదురుగా చేపల లారీ రాదు, గేదె అడ్డం పడదు. మనకు రెండూ వస్తాయి.

కొనేముందు చేయవలసినవి

ముందు బ్రేకు ఉందో లేదో చూడండి. రంగు, బ్రాండు, బరువు అన్నీ ఆ తర్వాతే. ఆగేటప్పుడు ఒంటి బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. కాళ్లతో వెనక చక్రాన్ని ఎంత బిగబట్టినా అది జారుతుందే తప్ప చప్పున ఆగదు. ముందు బ్రేకు ఉంటే అందులో దాదాపు సగం దూరంలోనే ఆగుతుంది. బ్రిటన్‌లో ఫిక్సీకైనా ముందు బ్రేకు తప్పనిసరి, అది చట్టం. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్సీ తగిలి రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయారు. దాన్ని నడిపిన కుర్రాడికి మరుసటి ఏడు 18 నెలల శిక్ష పడింది. షాపులో "ఇది బ్రేకు లేని మోడలు" అంటే, ముందు ఫోర్కుకి బ్రేకు బిగించే కన్నం ఉందా అని అడగండి. కన్నం లేకపోతే ఆ సైకిలు వదిలేయండి.

రెండు వైపులా మర ఉన్న వెనక హబ్ దొరికితే అదే తీసుకోండి. ఒకవైపు ఫిక్స్‌డ్ పళ్లచక్రం, రెండోవైపు మామూలు ఫ్రీవీలు పడతాయి. చక్రం తిప్పి బిగించుకుంటే చాలు, అదే సైకిలు మన నాన్నల కాలం నాటి హీరో, అట్లాస్‌లలాగా తొక్కడం ఆపినా సాగుతుంది. మొదటి ఆరు నెలలూ ఫ్రీవీలు వైపే ఉంచి రెండు బ్రేకులతో తొక్కండి. ఖాళీ మైదానంలో ఫిక్స్‌డ్ అలవాటైన తర్వాతే రోడ్డు సంగతి.

రిమ్ము అల్యూమినియందై ఉండాలి. మెరిసే ఇనుప రిమ్ము ఎండలో బాగానే పడుతుంది. తడిసిందా, బ్రేకు రబ్బర్లు దాని మీద సబ్బు మీద జారినట్టు జారతాయి. మనది కొల్లేటి పక్క ఊరు, వానాకాలమంతా రిమ్ము తడిగానే ఉంటుంది. పాత సైకిలు కొంటుంటే షాపువాణ్ణి మగ్గుడు నీళ్లడిగి రిమ్ము మీద పోసి, ముందు బ్రేకు పట్టి సైకిలుని ముందుకి తోసి చూడండి. వాళ్లేమనుకున్నా సరే.

టైరు 32 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. పందెం సైకిళ్ల 23, 25 టైర్లు పట్టాల సందులోకి సులువుగా దిగిపోతాయి. సైకిలు మధ్య గొట్టానికి అటూ ఇటూ కాళ్లు ఆనించి నిలబడితే గొట్టానికీ మీకూ మధ్య రెండు వేళ్ల సందైనా ఉండాలి. మీ డబ్బు పదివేలైతే ఎనిమిదివేల సైకిలే చూడండి. మిగిలిన రెండువేలూ హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు, తాళానికి సరిపోవాలి. ఇవి తర్వాత కొందాంలే అనుకున్నవాళ్లు కొన్నది నేను చూడలేదు.

పళ్ల లెక్క కూడా అడగండి. ముందు 44, వెనక 16 పళ్లుంటే పెడలు ఒకసారి తిరిగేసరికి సైకిలు ఆరు మీటర్లకి కాస్త తక్కువ వెళ్తుంది. పల్లం వైపు, ఆగడాలలంక దారిలో ఆ లెక్క హాయిగా ఉంటుంది. మెట్ట వైపు ద్వారకా తిరుమల దారిలో ఎక్కుడుకి కష్టం, దిగుడుకి ప్రమాదం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే కాళ్లు నిమిషానికి 110 సార్లకు పైగా తిరగాలి. ఆ ఊపులో కాలు పెడలు మీంచి జారిందంటే మళ్లీ పెట్టడం సాధ్యం కాదు, పెడలే వచ్చి పిక్కని కొడుతుంది. రోజూ కొండ వైపు వెళ్లేవాళ్లు ఫిక్సీ ఆలోచన మానుకోండి.

చేయకూడనివి

మామూలు సైకిలు ఫ్రీవీలుకి వెల్డింగు కొట్టించి ఫిక్సీ చేయించకండి. ఎంత చవకగా అయిపోతుందన్నా సరే. అసలైన ఫిక్స్‌డ్ హబ్‌లో పళ్లచక్రం కుడి మరతో బిగుస్తుంది. దాని మీద ఎదురు మర ఉన్న లాక్‌రింగు ఒకటి పడుతుంది. ఆగడానికి కాళ్లు వెనక్కి తొక్కినప్పుడు పళ్లచక్రం ఊడిరాకుండా పట్టుకునేది ఆ రింగే. మామూలు హబ్‌లో రింగుకి మరే ఉండదు. వెల్డింగు గట్టిగానే ఉంటుంది, కానీ మీరు గట్టిగా బిగబట్టిన రోజున పళ్లచక్రం మొత్తం మర విప్పుకుంటుంది. అంటే బ్రేకు అవసరమైన క్షణంలోనే బ్రేకు పోతుంది.

చైను వదులుగా ఉంచకండి. చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే అరంగుళం కదలాలి, అంతే. ఫిక్సీలో చైను ఊడి పళ్లకి అడ్డం పడితే వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

చక్రం తిప్పుతూ చైను తుడవకండి. ఇది మరీ మరీ చెబుతున్నాను. ఫ్రీవీలు సైకిలుకి గుడ్డ ఇరుక్కుంటే చేతిని లాగేసుకోవచ్చు. ఫిక్సీలో తిరుగుతున్న బరువైన చక్రం గుడ్డతోపాటు వేలినీ పళ్లలోకి లాక్కుపోతుంది. ఇలా వేళ్లు తెగిపోయినవాళ్లున్నారు. తుడవాలంటే చక్రం ఆపి, నాలుగు లింకులు తుడిచి, కొంచెం జరిపి, మళ్లీ ఆపి తుడవండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఫిక్సీని స్టాండేసి అరుగు మీద వదిలేయకండి. పెడలు తిప్పి ఆడుకోవడం పిల్లలకి సరదా.

లుంగీ, చున్నీ, వదులు ప్యాంటు వేసుకుని ఫిక్సీ ఎక్కకండి. మామూలు సైకిలుకి ప్యాంటు అంచు చిక్కితే తొక్కడం ఆపేస్తాం. ఇక్కడ ఆపలేం. వెనక కారియరు మీద మనిషిని గానీ క్యాన్లు గానీ చేపల బుట్ట గానీ పెట్టుకోవద్దు. ఆ బరువుని కాళ్లు ఆపలేవు.

మన దారుల్లో

కొల్లేటి చెరువుల నుంచి వచ్చే చేపల లారీలు ఐసు నీళ్లు కారుస్తూ పోతాయి. మలుపుల్లో తారు నల్లగా మెరుస్తుంటే అది చేపనీరే, జిడ్డుగా ఉంటుంది. అక్కడ బ్రేకు పట్టకండి, సైకిలు వంచకండి. మలుపుకి ముందే వేగం తగ్గించి నిటారుగా దాటండి. ఫిక్సీ మలుపులో పెడలు ఆపలేం కాబట్టి ఎక్కువ వంచితే పెడలు నేలకి తగిలి వెనక చక్రం లేచిపోతుంది.

కోతలయ్యాక సగం రోడ్డు ధాన్యానిదే. ఆరబోసిన గింజల మీద టైరు పూసల మీద నడిచినట్టే. రాశికి అడ్డంపెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు. దిగి నడిపించుకుని వెళ్లండి. తడి గడ్డి చుట్టుకుని చైను ఊడితే ఏమవుతుందో పైన చెప్పాను.

రైలు పట్టాలు నేరుగా, అడ్డంగా దాటండి, ఏటవాలుగా కాదు. గేటు పడుతుంటే కింద నుంచి దూరకండి. 2023 మార్చిలో మన భీమడోలు గేటు దగ్గరే పట్టాల మీద ఉండిపోయిన బొలెరోని దురంతో ఎక్స్‌ప్రెస్ గుద్దేసింది. మనుషులకేమీ కాలేదు గానీ ఆ బండిని చూసినవాళ్లెవరూ గేటు దగ్గర తొందరపడరు.

జాతీయ రహదారి మీద తెల్ల గీతకి ఎడమ పక్కనే ఉండండి. గుండుగొలను దగ్గర రోడ్లు చీలేచోట లారీలు చివరి క్షణంలో దారి మారుతుంటాయి, అక్కడ ఆగి చూసి కదలండి. ధనుర్మాసపు మంచులో ఏలూరు కాలవ గట్టు మీద వెళ్లడం అందంగానే ఉంటుంది, కానీ చాలాచోట్ల గట్టుకి రెయిలింగు ఉండదు. లైటు వేసుకోండి, లేదా ఏడింటి దాకా ఆగండి.

కొన్న వారానికి ఒకసారి, ఆ తర్వాత నెలకి ఒకసారి చక్రాల నట్లూ లాక్‌రింగూ బిగించుకోండి. కొత్త సైకిలు మర మొదట్లో కొంచెం సర్దుకుంటుంది. నట్ల కోసం పదిహేనో నంబరు స్పానరొకటి సంచిలో పెట్టుకోండి.

మా మేనల్లుడి సైకిలుకి ఇప్పుడు ముందూ వెనకా బ్రేకులున్నాయి. చక్రం ఫ్రీవీలు వైపుకి తిప్పించుకున్నాడు. కుట్లు విప్పిన రోజు పాలాయనకి క్యాను డబ్బులు ఇద్దామని వెళ్తే ఆయన పుచ్చుకోలేదు. వాడు గేటు దగ్గర దిగి నడిపించుకు వెళ్తుంటే చూసి, చెయ్యి ఎలా ఉందని మాత్రం అడుగుతుంటాడు.