పాయింట్ల నుంచి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు: అంబాసిడర్ బానెట్ కింద ఒక సైన్సు పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే, నాకు కథలూ కవితలూ రావన్నాను. "నీకు వచ్చిన పనే రాయవయ్యా" అన్నారు. నాకు వచ్చింది బండ్లు బాగుచేయడం. అందుకే విద్యుదయస్కాంత ప్రేరణ అనే పాఠాన్ని పాత అంబాసిడర్ కారులో మీకు చూపిస్తాను. భీమిలిలో మన హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ ఆ పాఠాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. దాని అర్థం మాత్రం ఒక రాత్రి నడిరోడ్డు మీద తెలిసింది.

ఆ రాత్రి

మా మేనమామకు ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. భీమిలి నుంచి విశాఖపట్నానికి బీచ్ రోడ్డు మీద కిరాయికి తిప్పేవాడు. నేను కంచరపాలెం ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడులో చేరిన కొత్త. సెలవులకు వచ్చి, "మావయ్యా, పాయింట్లు నేను మారుస్తాను" అన్నాను. చేతిలో ఫీలర్ గేజ్ లేదు. ఖాళీని కంటి అంచనాతో పెట్టేశాను. క్యామ్‌కు కొద్దిగా గ్రీజు రాయాలని తెలిసి కూడా, రేపు రాద్దాంలే అని వదిలేశాను. బండి బాగానే స్టార్టయింది.

పది రోజుల తరువాత మా వీధిలో ఒకావిడకు అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చాయి. కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకెళుతుంటే రుషికొండ రాకముందే ఇంజను మిస్సింగ్ కొట్టి ఆగిపోయింది. ఎంత సెల్ఫ్ కొట్టినా లేవలేదు. వెనకాల వచ్చిన చేపల వ్యాను వాళ్ళు ఆమెను ఎక్కించుకున్నారు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. కానీ ఆ తరువాత చాలా నెలలు మా వీధివాళ్ళు రాత్రిపూట మావయ్య బండిని పిలవలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదేమో!

తెల్లారి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే తప్పు కనిపించింది. అది అర్థం కావాలంటే ముందు పాఠం తెలియాలి.

నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. సిలిండర్లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మండించే నిప్పురవ్వకు వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. అందులో ఒకే ఇనుప కోర్ మీద రెండు తీగచుట్టలు ఉంటాయి. ప్రైమరీలో చుట్లు తక్కువ, సెకండరీలో దానికి దాదాపు నూరు రెట్లు.

పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ప్రైమరీలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ప్రైమరీ నిరోధం 3 ఓమ్‌లు అనుకోండి. ఓమ్ నియమం ప్రకారం 12ను 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. క్యామ్ తిరిగి పాయింట్లను విడదీయగానే ఆ ప్రవాహం తెగిపోతుంది, క్షేత్రం కూలిపోతుంది. మారే క్షేత్రం తీగచుట్టలో వోల్టేజీ పుట్టిస్తుందని 1831లో మైఖేల్ ఫారడే కనుక్కున్నాడు. మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజీ అంత ఎక్కువ. ప్రైమరీలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సెకండరీలో అది 20 వేల వోల్టులు, ఆ పైన కూడా అవుతుంది. రోటర్ దాన్ని 1-3-4-2 వరుసలో ప్లగ్గులకు పంచుతుంది. పాయింట్ల పక్కనుండే కండెన్సర్, అవి విడిపోయేటప్పుడు మెరుపు రాకుండా కాపాడుతుంది.

ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనికి చేరి, అక్కడికొచ్చిన పుస్తకాలు చదివి సైన్సు నేర్చుకున్నాడు. ఈ మాట మనవాళ్ళు గుర్తుంచుకోవాలి. కాయిల్, పాయింట్ల పద్ధతిని కారుకు అమర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్. క్యాడిలాక్ కారులో అది వచ్చింది. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్లోనూ అదే పద్ధతి.

పాయింట్ల కష్టం

చిన్న లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ప్రతి సిలిండర్‌కూ రెండు చుట్లకొక నిప్పురవ్వ కావాలి. నాలుగు సిలిండర్లకు నిమిషానికి 6,000, అంటే సెకనుకు 100. గంటసేపు అలా నడిస్తే పాయింట్లు 3,60,000 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి!

1489 సి.సి. అంబాసిడర్ ఇంజనుకు పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది. పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనకబడుతుంది, పికప్ పోతుంది. చివరికి అసలు తెరుచుకోవు. నేను గ్రీజు రాయని క్యామ్ మీద జరిగింది ఇదే. పది రోజుల్లో మడమ అరిగిపోయింది. దీనికి తోడు మన సముద్రపు ఉప్పుగాలి. టెర్మినళ్ళకు తుప్పు పట్టిస్తుంది, మూత లోపల తేమ చేరితే నిప్పురవ్వ దారి తప్పుతుంది.

ఎలక్ట్రానిక్ పద్ధతి

ఈ పద్ధతిలో కాయిల్, రోటర్, మూత, ప్లగ్గులు అన్నీ అవే. పాయింట్లూ కండెన్సరూ మాత్రం ఉండవు. నాలుగు అయస్కాంతాలున్న రింగును క్యామ్ మీద తొడుగుతారు. పాయింట్ల చోట ఒక సెన్సార్ కూర్చుంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చిందని అది గుర్తించగానే లోపలి ట్రాన్సిస్టర్ ప్రైమరీ ప్రవాహాన్ని కట్ చేస్తుంది. రాసుకునేది లేదు కనుక అరిగేదీ లేదు. దీనివల్ల ఇంజనుకు కొత్త బలం రాదు. ఉన్న బలం రోజూ ఒకేలా ఉంటుంది, అంతే.

అమర్చే విధానం

1. గేరు న్యూట్రల్లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయాలి. బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి ఎర్త్ అయిందో చూడాలి. కొన్ని పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, కిట్ దానికి సరిపోవాలి. తరువాత బ్యాటరీ తీగ విప్పాలి.

2. కాయిల్ తీగలు విప్పి మల్టీమీటరుతో ప్రైమరీ నిరోధం కొలవాలి. 3 ఓమ్‌ల కాయిల్ అడిగే కిట్‌కు 1.5 ఓమ్‌ల కాయిల్ కలిపితే 4 బదులు 8 ఆంపియర్లు లాగుతుంది. మాడ్యూల్ కాలిపోతుంది.

3. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివరకు తెచ్చి, రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి.

4. పాయింట్లు, కండెన్సర్ తీసి సెన్సార్ ప్లేటు బిగించాలి. రింగు తొడిగి, రోటర్ తిరిగి పెట్టాలి. రింగుకీ సెన్సారుకీ మధ్య ఖాళీ కిట్ కాగితంలో చెప్పినంతే ఉండాలి.

5. కిట్ కాగితం చూసి ఒక తీగ కాయిల్ పాజిటివ్‌కు, రెండోది నెగటివ్‌కు కలపాలి. తారుమారైతే మాడ్యూల్ పోతుంది.

6. బ్యాటరీ కలిపి స్టార్ట్ చేశాక, స్ట్రోబ్ లైటుతో టైమింగ్ తప్పనిసరిగా మళ్ళీ చూడాలి. ట్రిగ్గర్ క్షణం మారింది కదా!

జాగ్రత్తలు: ఇంజను ఆగి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే కాయిల్, మాడ్యూల్ వేడెక్కి చెడిపోవచ్చు. ఇంజను నడుస్తుండగా ప్లగ్ తీగలు చేత్తో పట్టుకోకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే అసలు స్టార్ట్ చేయకూడదు. ఇంకో మాట. పాయింట్లు చెడితే రోడ్డు పక్కన కూర్చుని ఎమెరీ కాగితంతో రుద్ది ఇల్లు చేరవచ్చు. మాడ్యూల్ చెడితే చేసేదేమీ లేదు. కనుక పాత పాయింట్లు, కండెన్సర్, ఒక స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజ్ డిక్కీలో ఉండి తీరాలి.

చివరగా

చదువు పూర్తయి సంపాదన మొదలయ్యాక, నా డబ్బుతోనే కిట్ కొని మావయ్య బండికి అమర్చాను. ఆయన పక్కనే నిలబడి, "ఈపాలి సరిగ్గా పెట్టినావేటిరా?" అని అడిగాడు. ఫీలర్ గేజ్ ఆయన చేతికే ఇచ్చి, ఖాళీ మీరే చూడండి మావయ్యా అన్నాను. చూశాడు. ఆ రాత్రే విశాఖకు కిరాయికి వెళ్ళి తెల్లారేసరికి తిరిగి వచ్చాడు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలు కార్లలో డిస్ట్రిబ్యూటరే లేదు, కంప్యూటర్ నడిపిస్తుంది. అయినా కాయిల్లో జరిగేది ఫారడే చెప్పినదే. కాబట్టి తమ్ముళ్ళారా, ఆ పాఠాన్ని మార్కుల కోసం మాత్రమే చదవకండి. గ్రీజు రేపు రాద్దామని అనుకోకండి. మన పనిని నమ్మి అర్ధరాత్రి ఎవరో ఒకరు బండెక్కుతారు.

– ఒక పూర్వ విద్యార్థి