రహస్యంగా ఉంచుతామని మాట ఇచ్చే ముందు

కౌమార ఆరోగ్యం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినవారు శాంపిల్ ఎంత, ఏ మండలం అన్న లెక్కల్లో పడిపోతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఎదురుగా కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్ల మీరు అడగని సంగతి చెప్పేస్తే ఏం చేస్తారు?

ప్రశ్నావళి మొదటి పేజీలో అలవాటుగా రాసేస్తాం: మీరు చెప్పినవన్నీ రహస్యంగా ఉంటాయని. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఆ మాట అలాగే చదివి వినిపిస్తే మోసం చేసినట్టే. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పరిశోధకులకు మినహాయింపు లేదు. దాచితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇష్టపడి కలిసిన పదహారేళ్ల జంటకూ ఈ చట్టం వర్తిస్తుంది. అందుకే మీ అంశానికి అక్కర్లేని ప్రేమల ప్రశ్నలు ఇప్పుడే కొట్టేయండి.

మొదటి ప్రశ్నకు ముందే తేటగా చెప్పండి: "నీకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకు చెప్పాల్సి వస్తుందమ్మా. మిగతావి బయటకు పోవు." అలా అంటే కొందరు నోరు విప్పరు, డేటా తగ్గుతుంది. తగ్గనివ్వండి. నమ్మించి రాబట్టిన సమాధానం మీద థీసిస్ నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎవరికి చెప్పాలో కూడా ఊళ్లో అడుగుపెట్టక ముందే సిద్ధం చేసుకోవాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, మానసిక ఆరోగ్య సాయానికి 14416 టెలీ మానస్, దగ్గరి పీహెచ్‌సీ డాక్టర్, ఏఎన్‌ఎం వివరాలు చేతిలో ఉండాలి.

అంగీకార పత్రాల దగ్గర చాలామంది తడబడతారు. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల సమ్మతి నోటిమాటగా చాలు, ఆపై పద్దెనిమిది వరకు రాతపూర్వకంగా కావాలి. తల్లిదండ్రుల సంతకం దానికి అదనం. గురుకులంలో ప్రిన్సిపాల్ అనుమతి ఆ సంతకానికి బదులు కాదు. తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చే ఆదివారాలు ఎప్పుడో కనుక్కుని షెడ్యూల్ వేసుకోండి.

ఇంతకీ ఫీల్డ్‌వర్క్ తప్పదా? 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని దాదాపు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించి చదువు, పోషణ, పెళ్లి, పని వివరాలు నమోదు చేసింది. ఆ డేటా పరిశోధకులకు అందుబాటులో ఉంది. మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరికేలా ఉంటే, గైడ్‌తో మాట్లాడి సినాప్సిస్ మార్చుకోండి.