నొక్కాడా, నొక్కి పట్టుకున్నాడా?

ఈసారి సంచికకి కవిత ఇస్తావా అని ఎడిటర్ అక్క అడిగితే, బటన్ గురించి రాస్తానన్నాను. నవ్వింది. కానీ ఈ సెమిస్టర్‌లో నాకు నిద్ర లేకుండా చేసింది అదే మరి.

మినీ ప్రాజెక్టుకి మేం గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద చిన్న ఆట రాశాం. 2001లో వచ్చిన నింటెండో మెషీన్ అది. పాతదే, కానీ మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, నేరుగా హార్డ్‌వేర్‌తోనే మాట్లాడాలి. రివ్యూలో మేడమ్ మెనూలో కింది బాణం ఒక్కసారి నొక్కారు. ఎంపిక ఐదారు వరసలు దూకేసింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. "ఇంతకీ ఆట మొదలెట్టేదెలా?" అన్నారు. వారం గడువు దొరికింది.

లోపల జరిగేది ఇదీ. హెక్సాలో 4000130 అనే అడ్రస్ దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. 10 బటన్లు, 10 బిట్లు. తమాషా ఏంటంటే, నొక్కితే బిట్ 0 అవుతుంది, వదిలితే 1. ఏదీ నొక్కనప్పుడు విలువ 1023, ఏ బటన్ ఒక్కటే నొక్కితే 1022. అందుకే చదవగానే 1023తో ఎక్స్ఆర్ చేసి తిరగేసుకుంటే బుర్ర తిరగదు.

స్క్రీన్ సెకనుకి దాదాపు 60 సార్లు మారుతుంది. సెకనులో పదో వంతు వేలు ఆనించినా ఆరు ఫ్రేములు. నా కోడ్ ప్రతి ఫ్రేములోనూ "నొక్కి ఉందా?" అని అడిగి, ఉంటే ఒక వరస జరిపేది. అడగాల్సింది "ఇప్పుడే నొక్కారా?" అని. మన తెలుగులో ఈ రెండూ వేర్వేరు క్రియలు, రిజిస్టర్‌కి మాత్రం మొదటిదే తెలుసు. రెండోది మనమే కట్టుకోవాలి, దానికి కిందటి ఫ్రేము విలువ దాచుకుంటే చాలు. ఇందాక 0, ఇప్పుడు 1 అయితే నొక్కినట్టు. ఇందాక 1, ఇప్పుడు 0 అయితే వదిలినట్టు. రెండూ 1 అయితే పట్టుకునే ఉన్నట్టు. వదలడం దేనికంటారా? మా బొమ్మ పైకి ఎగురుతుండగా బటన్ వదిలేస్తే వేగం సగానికి కోస్తాం, చిన్న గెంతు, పెద్ద గెంతు రెండూ వచ్చేస్తాయి.

ఇది రాశాక మెనూ బాగుపడింది, గెంతు పోయింది! రెండు రాత్రులు పట్టింది కనిపెట్టడానికి. మెనూ ఫంక్షనూ, గెంతు ఫంక్షనూ రెండూ విడివిడిగా రిజిస్టర్ చదివి, "ఇందాకటి" విలువని మార్చేస్తున్నాయి. మెనూ ముందు నడుస్తుంది కాబట్టి, గెంతు వంతు వచ్చేసరికి ఇందాకా ఇప్పుడూ ఒకటే. ఫ్రేము మొదట్లో ఒక్కసారే చదివి, అందరూ ఆ కాపీనే చూడాలి. ఫ్రేముకోసారే చదవడంలో ఇంకో లాభం కూడా ఉంది: బటన్ లోపలి లోహం తాకగానే కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది, ఫ్రేముల మధ్య 16 మిల్లీసెకన్ల పైనే ఎడం కాబట్టి ఆ అదురు మామూలుగా మన కంట పడదు.

రెండో రివ్యూలో మేడమ్ బాణం నొక్కారు. ఒక్క వరసే కదిలింది. ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ వేలు తియ్యకుండా అలాగే పట్టుకుని, "పట్టుకుంటే వరసగా జరగాలి కదా?" అన్నారు.

ఇప్పుడు పట్టుకున్న ఫ్రేములు లెక్కపెడుతున్నాను. 30 దాటాక ప్రతి 6 ఫ్రేములకీ ఒక వరస.